కారు తలుపులో నీరు చేరుట – నివారణోపాయము



మన గ్రామములనుండి హైటెక్ సిటీ ప్రాంతమునకు ఉద్యోగములకై వెళ్లిన బిడ్డల కార్లు నేడు మన వాకిళ్లలోనికి వచ్చుచున్నవి. వానిలోనే మన విత్తనములును పయనించుచున్నవి. కావున ఈ విషయమును సభ్యులు తెలిసికొనుట మంచిది.

గత వానకాలమున మేము మాదాపూరులోనున్న మా మేనల్లుని కారులో రాజేంద్రనగరమునుండి వరివిత్తనపు బస్తాను తెచ్చితిమి. దారిలో వాన కురిసెను. అద్దములు మూసియే యున్నను, ఇల్లు చేరునప్పటికి బస్తా అడుగు తడిసియుండెను. నీరు క్రిందినుండి వచ్చినదని తలచి, తలుపు అడుగున కనబడిన సందులను జిగురుతో మూసితిమి. తరువాతి వానకు నీరు మరింత చేరెను! తప్పు మాదే.

కారు తలుపు బోలుపెట్టె వంటిది. అద్దముపై జారిన నీటిలో కొంత దానిలోనికి దిగుట సహజము. అడుగునున్న చిన్న రంధ్రములు దాని తూములు. లోపలి అట్ట వెనుక అంటించిన ప్లాస్టిక్ పొర దాని గట్టు. ఆ కారు నిత్యము కానుగచెట్టు క్రింద నిలుచుటచే ఆకులు, దుమ్ము తూములను పూడ్చగా, మిగిలినవానిని మేము మూసితిమి. తూము పూడిన మడి గట్టు దాటి పొర్లక మానునా?

చేయవలసిన పనులివి:

1. సన్నని వెదురుపుల్లతో రంధ్రములను శుభ్రపరుపవలెను. ఇనుపమేకు కూడదు, రంగు లేచి త్రుప్పు పట్టును. పిమ్మట అద్దము మొదట చెంబెడు నీరు మెల్లగా పోయుడు. అది అడుగునుండి ధారాళముగా వెడలవలెను.

2. నీరు బాగుగా వెడలుచున్నను లోపల తడి కనబడినచో, ప్లాస్టిక్ పొర ఊడియుండవచ్చును. లోపల విద్యుత్తీగలుండును గనుక ఆ పని మెకానిక్కునకే విడువుడు.

3. తడి అద్దము పైమూల నుండి దిగినచో రబ్బరు పట్టీని సబ్బునీటితో కడుగుడు. కిరసనాయిలు, పెట్రోలు, ఇంజను నూనె తగిలిన రబ్బరు ఉబ్బి చెడును. చీలిన పట్టీని మార్పింపవలెను.

4. నేలపై పరచిన తివాచీ నెత్తి, దాని క్రింది దూదివంటి పొరను పిండి, తలుపులు తెరచి పూర్తిగా ఎండనిండు. పైతడి మాత్రము తుడిచిన బూజు పట్టును, నేలరేకు త్రుప్పు పట్టును, తీగలు చెడును.

ఇక మా విత్తనము మాట. తడిసిన గింజలను నీడన ఆరబెట్టి, నూరింటిని తడిగుడ్డలో చుట్టి మొలక చూచితిమి. ధ్రువీకృత వరివిత్తనమున నూటికి 80 గింజలైనను మొలవవలెను. మా గింజలు అంతకు తక్కువగా మొలచుటచే వానిని నారుమడిలో చల్లక విడిచితిమి. పొడిగా మిగిలిన పైభాగమును మాత్రమే వాడితిమి.

కావున వానకాలమునకు ముందే ప్రతి తలుపు తూమును తెరచి చూడుడు. విత్తనపు బస్తాను ఎన్నడును కారు నేలపై నుంచక, పీటపై నుంచుడు. నీటికి దారి మూయుటకంటె దారి చూపుట మేలని సేద్యము మనకు నేర్పిన పాఠమే గదా!