ఛార్జ్ తీసుకునే ముందు

ఫోనుకు ఛార్జ్ పెడతాం. బస్సు ఛార్జీలు పెరిగాయని విసుక్కుంటాం. లాఠీఛార్జ్ అని పేపర్లో చదువుతాం. ఇన్ని చోట్ల తిరిగే ఈ మాట లాటిన్‌లో బండి మీద బరువెక్కించడం నుంచి పుట్టింది. మనం కూడా బాధ్యతను మోస్తాం, ఖర్చును భరిస్తాం, నిందనూ మోస్తాం కదా! ఆఫీసులో ఈ మాట చెవిన పడితే ముందు అడగాల్సింది: ఏ బరువు, ఎవరి మీదికి?

బదిలీ మీద వెళ్లిన రోజే మొదటి బరువు. పాత సీటాయన రైలుకు టైమైందంటూ తాళాలు బల్ల మీద పెట్టి, "ఇక్కడొక సంతకం పెట్టండి, చాలు" అంటాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొహమాటానికి పెట్టేశాను. ఆడిట్ వచ్చాక తేలింది, స్టాకు రిజిస్టర్లో ఉన్న రెండు కుర్చీలు గదిలో లేవు. వాటి ఖరీదు నా జీతంలోంచే పోయింది. క్యాష్‌బుక్ నిల్వను చేతిలోని డబ్బుతో, పాస్‌బుక్‌తో సరిచూడండి. సామాను మీరే లెక్కపెట్టండి. పెండింగ్ ఫైళ్ల జాబితా రాయించుకోండి. లేనిది లేదని ఛార్జ్ లిస్టులోనే రాసి, దాని కింద సంతకం చేయండి. ఒక కాపీ ఇంట్లో ఉండాలి. పక్క సీటు అదనపు ఛార్జ్ నోటిమాటతో అప్పగిస్తే, "ఉత్తర్వు ఇప్పించండి సార్" అనడంలో తప్పేమీ లేదు.

ఛార్జ్ మెమో వేరే సంగతి. అది ఆరోపణే, ఇంకా శిక్ష కాదు. అభియోగం తెలిపి, జవాబు చెప్పుకునే అవకాశమిచ్చి, విచారణ జరపకుండా ప్రభుత్వోద్యోగిని మామూలుగా తొలగించకూడదని రాజ్యాంగం 311వ అధికరణ చెబుతోంది. అందిన తేదీ వేసి మెమో తీసుకోండి. అందులో పేర్కొన్న పత్రాల నకళ్లు రాతపూర్వకంగా అడగండి. గడువులోగా ఒక్కో అభియోగానికి విడివిడిగా జవాబు రాయండి. చాలామంది భయపడి ముందే క్షమాపణ రాసిచ్చేస్తారు. దాన్ని ఒప్పుకోలుగా చదివే అధికారులుంటారు.

పోలీసుల ఛార్జ్‌షీటు దీనికి భిన్నమైన కాగితం. దర్యాప్తు ముగిశాక అది కోర్టుకు వెళ్తుంది, ఆ తర్వాత కోర్టు అభియోగాలు ఖరారు చేస్తుంది. అక్కడ కేసు కొట్టేసినా శాఖాపరమైన విచారణ దానంతటదే ఆగిపోదు. అందుకని రెండింటికీ విడివిడి ఫైళ్లు పెట్టుకోండి, ఒకచోట ఇచ్చిన జవాబు నకలు రెండోదాంట్లోనూ ఉంచండి.