బిళ్ళగన్నేరును గుర్తించడం ఎలా?

ఏడాది పొడవునా పూచే బిళ్ళగన్నేరు మడగాస్కర్ దీవికి చెందిన మొక్క. నిత్యం పూస్తుంది కనుక నిత్యకల్యాణి అని కూడా అంటారు. పేరులో గన్నేరు ఉన్నా, గుండెకు ప్రాణాంతక విషమైన అసలు గన్నేరు వేరు. అందుకే ఈ లక్షణాలను వివరిస్తున్నాను.

ఎత్తు: బిళ్ళగన్నేరు రెండు మూడడుగులు మించదు, గన్నేరు నిలువెత్తు పొద.

ఆకులు: కణుపుకు రెండు, ఎదురెదురుగా, కోలగా, నునుపుగా, తెల్లని నడిమి ఈనెతో ఉంటాయి. గన్నేరుకు సాధారణంగా కణుపుకు మూడు. సన్నగా, పొడవుగా, దళసరిగా ఉంటాయి.

పూలు: సన్నని గొట్టంపై 5 రేకులు చక్రంలా విచ్చుకుంటాయి. తెలుపు, గులాబి రంగులు సామాన్యం. తరచుగా నడుమ ఎర్రని లేదా పసుపు చుక్క ఉంటుంది. గన్నేరు పూల నడుమ చీలికల కుచ్చు ఉంటుంది.

కాయలు: సన్నగా, జంటగా కాస్తాయి, గింజలు నల్లనివి.

ఈ మొక్కనుండి లభించిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్‌లను 1960ల నుండి క్యాన్సర్ చికిత్సలో వాడుతున్నారు. అవి నిపుణుల పర్యవేక్షణలో నరానికి ఎక్కించే తీవ్రమైన మందులు. కనుక మధుమేహానికని ఈ ఆకులు నమలవద్దని, కషాయం తాగవద్దని నా మనవి. గర్భిణులు అసలే వాడరాదు. పూజకు, పెరటి అందానికి మాత్రం నిశ్చింతగా పెంచుకోండి.