నల్ల ఏరు తేటపడింది

ఒక రోజు మన అక్షర కేంద్రంలో వాగు మీద మాట వచ్చింది.

"మా చిన్నప్పుడు వాగులో చెలమ తీసి మంచినీళ్ళు తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు కాళ్ళు కడుక్కోవాలన్నా కంపు" అంది ఒక అత్త.

"మనమేం చేస్తాం అత్తా? ప్రభుత్వం చెయ్యాలి" అంది పక్కనున్న అక్క.

"ప్రభుత్వం చెయ్యాల్సింది ప్రభుత్వం చెయ్యాలి. మనం చెయ్యాల్సింది మనం చెయ్యాలి. ఒక నది సంగతి చెబుతాను, వినండి" అన్నాను.

ఇది కట్టుకథ కాదు. జరిగిన సంగతి.

పంజాబు రాష్ట్రం మనకు చాలా దూరం. ఉత్తరాన ఉంది. అక్కడ కాలీ బేయీ అనే చిన్న నది ఉంది. కాలీ అంటే నలుపు. దాని పొడవు 160 కిలోమీటర్లు. సుమారు 500 ఏళ్ళ కిందట సిక్కుల గురువు గురు నానక్ ఈ నది ఒడ్డున ఉన్నారు. ఆ ఊరి పేరు సుల్తాన్‌పూర్ లోధీ. ఆయన ఈ నదిలోనే స్నానం చేసేవారు. అందుకే సిక్కులకు ఇది పుణ్యనది. మనకు కృష్ణ, గోదావరి ఎలాగో వాళ్ళకు ఇది అలాగ.

మొక్కే నదినే జనం పాడు చేశారు. ఊళ్ళ మురుగంతా అందులోకి వదిలారు. చెత్త అందులోనే పోశారు. గుర్రపుడెక్క అల్లుకుంది. మురుగే దానికి ఎరువు. అది నీటిని చాపలాగా కప్పేస్తుంది. నీటికి గాలి, వెలుగు అందవు. చేపలు చస్తాయి. దోమలు పెరుగుతాయి.

2000 సంవత్సరంలో బల్బీర్ సింగ్ సీచేవాల్ అనే సాధువు నదిలోకి దిగారు. ఆయన వెంట కొంతమంది దిగారు. చేతులతోనే గుర్రపుడెక్క పీకారు. పూడిక తీశారు. ఎవరూ కూలి అడగలేదు. ఇలాంటి పనిని సిక్కులు 'కార్ సేవ' అంటారు. చూసినవాళ్ళు కూడా వచ్చి చెయ్యి వేశారు. కొందరు డబ్బు ఇచ్చారు. గట్ల మీద దారులు వేశారు. చెట్లు నాటారు. స్నానాల రేవులు కట్టారు. ఈ పని ఏళ్ళ తరబడి సాగింది.

"మరి మురుగు పడుతూనే ఉంటుంది కదమ్మా?" అని అడిగింది అత్త.

అసలు ప్రశ్న అదే. ఒక పక్క చెత్త తీస్తూ, ఇంకో పక్క మురుగు వదిలితే ఏం లాభం? చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే.

అందుకని సీచేవాల్ గ్రామంలో ఒక ఏర్పాటు చేశారు. ఇళ్ళ మురుగును గొట్టాలతో ఊరి బయటికి తెచ్చారు. అక్కడ వరసగా గుంటలు కట్టారు. గుంటల్లో మడ్డి అడుగుకు దిగుతుంది. నూనె, నురగ పైన తేలి ఆగిపోతాయి. తేరిన నీళ్ళు చెరువులో చేరి పొలాలకు పారతాయి. నదిని చెరిపే నీరే పంటకు పనికొచ్చింది. తర్వాత ఇంకా చాలా ఊళ్ళు ఇలాగే చేశాయి.

2006లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం వచ్చి ఈ నదిని చూశారు. 2017లో సీచేవాల్‌కు పద్మశ్రీ ఇచ్చారు.

అయినా పని అయిపోలేదు. ఆ తర్వాత కూడా మురుగు కలిసినప్పుడు నదిలో చేపలు చచ్చిపోయాయి. ఇల్లు ఒకసారి ఊడిస్తే ఏడాదంతా శుభ్రంగా ఉంటుందా? నది కూడా అంతే.

ఇక మన సంగతి చూద్దాం. పై ఊరి మురుగు కింది ఊరి రేవులోకి వస్తుంది. నీళ్ళు చెడితే ముందు దెబ్బ ఆడవాళ్ళకే. దూరం పోయి బిందె మోసేది మనం. బిడ్డకు విరేచనాలైతే కూలి మానుకుని కూర్చునేది మనం.

మనం ఏం చెయ్యగలం?

1. నెలకు ఒక రోజు అందరం కలిసి వాగు గట్టున చెత్త ఏరుదాం. చెప్పులు లేకుండా దిగొద్దు. లోతు నీళ్ళలోకి పోవద్దు.
2. గుర్రపుడెక్కను వేళ్ళతో సహా పీకుదాం. గట్టుకు దూరంగా వేద్దాం. మొక్క మిగిలితే మళ్ళీ అల్లుకుంటుంది.
3. పురుగుమందు డబ్బాలు వాగులో కడగొద్దు.
4. ఇంట్లో వాడిన నీళ్ళు ఇంకుడుగుంటలోకి పంపుదాం.
5. వాగు తేటగా కనిపించినా నీళ్ళు కాచి తాగుదాం.

కాలువలు మళ్ళించడం, ఫ్యాక్టరీ మురుగు ఆపడం మన చేతుల్లో లేవు. అవి పంచాయతీ, ప్రభుత్వం చెయ్యాలి. నదుల్లో, వాగుల్లో విషపు మురుగు కలపకూడదు. దానికి 1974లోనే చట్టం వచ్చింది. నోటితో చెబితే మరిచిపోతారు. రాసి ఇస్తే కాగితం ఉంటుంది. ఇప్పుడు మనకు రాయడం వచ్చు.

గ్రామసభలో ఇలా అర్జీ ఇవ్వొచ్చు:

సర్పంచ్ గారికి,
మా వీధి మురుగు కాలువ వాగులో పడుతోంది. నీళ్ళు పాడవుతున్నాయి. మురుగు వాగులో కలవకుండా ఏర్పాటు చెయ్యండి.
ఇట్లు,
వీధి ఆడవాళ్ళం.

ఇది చదివాక అత్త పెన్సిలు అందుకుంది. "ముందు నా పేరు రాస్తానమ్మా. వేలిముద్ర కాదు, సంతకం" అంది.

కొత్త మాటలు
పూడిక: నీటి అడుగున పేరుకున్న మట్టి
తేరిన నీళ్ళు: మడ్డి దిగాక పైన మిగిలిన నీళ్ళు
అర్జీ: కావలసింది అడుగుతూ రాసే కాగితం

ఆలోచించండి, మాట్లాడండి
1. గుర్రపుడెక్క ఎందుకు పెరుగుతుంది?
2. నదిలో చెత్త తీస్తే సరిపోతుందా? ఎందుకు?
3. మీ ఇంటి మురుగు ఎక్కడికి పోతోంది? ఈ రోజు దాని వెంట నడిచి చూసి రండి.
4. మీ వీధి పేరుతో ఒక అర్జీ రాయండి. అందరూ సంతకాలు చెయ్యండి.