చార్‌కమాన్ చదుకము

సుమారు ముప్పది సంవత్సరముల క్రిందట విశాఖపట్టణమునుండి మా పాఠశాల విద్యార్థులను హైదరాబాదునకు విహారయాత్రకు తీసికొనిపోయితిమి. రాత్రియంతయు గోదావరి ఎక్స్‌ప్రెస్సులో ప్రయాణము చేసి, ఉదయమున దిగి, చార్మినారును చూచి ఉత్తరదిశగా నడచుచుంటిమి. ఒక పెద్ద కమాను దాటినంతనే నేను ఆగి, పుస్తకములలో చదివిన విషయమును ఉత్సాహముతో చెప్పితిని. “పిల్లలారా! ఇది కుతుబ్‌షాహీ రాజుల మహా చదుకము. ఇచటనే వారి సేనలు బారులు తీర్చి నిలిచెడివి” అంటిని. ఎనిమిదవ తరగతి బాలుడొకడు నాలుగు దిక్కులును పరికించి, “ఖాళీ జాగా ఎక్కడుందండీ మాస్టారూ? అన్నీ కొట్లే కదండీ!” అనెను. తోడి పిల్లలు నవ్విరి. వాని మాట నిజమే. ముత్యాల కొట్లు, బట్టల కొట్లు, రిక్షాలు, ఆటోలు తప్ప అచట వేరేమియు కానరాలేదు. నాకు అప్పటికప్పుడు సమాధానము తోచలేదు. నాడు చెప్పలేకపోయిన ఆ సమాధానమును నేడు చెప్పుటకు ప్రయత్నించెదను.

విశాఖలో పుట్టి పెరిగిన పిల్లవానికి ఆ సందేహము కలుగుట సహజము. మన ఊరిలో జనులు గుమిగూడు బయలు సముద్రతీరము. అచట ఒకవైపున సముద్రుడే కాపలాయున్నాడు. అంగడివాడు ఎంత ముందునకు జరిగినను కెరటమును దాటి పోజాలడు. నేలనడుమ వెలసిన నగరమునకు అట్టి కాపలాదారు లేడు. అచటి బయలును మనుష్యులే నిలుపుకొనవలెను, లేదా మనుష్యులే పూడ్చివేయవలెను.

‘చదుకము’ అను మాట నేడు వాడుకలో అరుదయ్యెను. సంస్కృతమందలి ‘చతుష్కము’ నుండి పుట్టిన తెలుగు మాట యిది. నాలుగు త్రోవలు కలియు చోటని అర్థము. పారసీకమున ‘చార్’ అనగా నాలుగు. ఆ ‘చార్’ శబ్దమును మన ‘చతుర్’ శబ్దమును ఒకే మూలమునుండి వచ్చిన జ్ఞాతులు. కావున ‘చార్ కమాన్’, ‘చదుకము’ అను రెండు పేర్లును దూరపు చుట్టములే.

గోలకొండ దుర్గము కుతుబ్‌షాహీల మొదటి రాజధాని. కాలక్రమమున కోటలో జనులు క్రిక్కిరిసిపోయిరి. నీటి యెద్దడియు కలిగెను. తెలుగు కవులు ‘మల్కిభరాము’డని కీర్తించిన ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో మూసీనదిపై వంతెనను కట్టించెను. నేడు దానిని పురానాపూల్ అందురు. వంతెన కట్టినచో ఆవలి ఒడ్డున ఊరు వెలయుట ఎంతో దూరము లేదు. అతని కుమారుడు మహమ్మదు కులీ కుతుబ్‌షా 1591లో, అనగా హిజరీ శకము వేయి సంవత్సరములు నిండు వేళ, మూసీకి దక్షిణమున క్రొత్త నగరమునకు శంకుస్థాపన చేసెను. ఈ రాజు స్వయముగా కవి. భాగమతి యను వనితపై ప్రేమతో ఈ నగరమును కట్టించెనను కథ జనశ్రుతిలో కలదు. చరిత్రకారులు ఆ విషయమున ఏకాభిప్రాయమునకు రాలేదు. మనకిప్పుడు కావలసినది నగరపు అమరిక.

ఆ అమరికను సాగించినవాడు రాజుగారి పేష్వా మీర్ మోమిన్. ఇతడు పారసీక దేశమందలి అస్తరాబాదు వాడు. తూర్పు పడమరలుగా ఒక రాజవీథి, ఉత్తర దక్షిణములుగా మరియొకటి వేసి, అవి రెండును ఖండించుకొను చోట చార్మినారును నిలిపిరి. పడమటి త్రోవ గోలకొండకు పోవును. తూర్పు త్రోవ బందరు రేవునకు, అనగా మచిలీపట్టణమునకు, దారితీయును. గోలకొండ రాజ్యపు వజ్రములును కోస్తా నేతగాండ్ర అద్దకపు వస్త్రములును ఆ రేవునుండియే ఓడలకెక్కి దూరదేశములకు పోయెడివి. సముద్రము కానరాని ఆ నగరము ఈ విధముగా మన తీరముతో ముడిపడియే పుట్టినది.

చార్మినారునకు ఉత్తరముగా కొంత దూరమున విశాలమైన చతురస్రాకారపు బయలును విడిచిరి. దానికి ‘జిలూఖానా’ యని పేరు. రాజు బయలుదేరునపుడు పరివారము బారులు తీర్చు స్థలమది. 1592 ప్రాంతమున దాని నాలుగు ప్రక్కల సుమారు 60 అడుగుల ఎత్తున నాలుగు కమానులు లేచినవి. దక్షిణపు దానిని చార్మినార్ కమాననియు, ఉత్తరపు దానిని మచ్‌లీ కమాననియు అందురు. మచ్‌లీ అనగా చేప. దక్కనులో చేప సిరిసంపదలకు గుర్తు. తూర్పు కమాను రాజుగారి నగారాఖానా. నియమిత వేళలయందు దానిపై భేరీలు మ్రోగెడివి. నేడు దానిని కాలీ కమానని పిలిచెదరు. పడమటి కమాను రాజప్రాసాదములకు ద్వారము. దానికి బంగారు జరీ తెర వ్రేలాడెడిదని చెప్పుదురు. ‘సెహర్-ఎ-బాతిల్’ అని దాని పేరు. మంత్రతంత్రములను వమ్ముచేయునదని అర్థము. రాజునకు శత్రువులకన్న చేతబడి భయమే ఎక్కువగా నుండెనేమో!

నాలుగు కమానులకు సరిగా నడుమ ఒక జలాశయము. మొదట దానిని ‘చార్ సూ కా హౌజ్’, అనగా నాలుగు దిక్కుల కొలను, అనిరి. తరువాత అది ‘గుల్జార్ హౌజ్’ అయ్యెను. 1666-67 ప్రాంతమున గోలకొండ రాజ్యమునకు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో, చార్మినారు పై అంతస్తులు నీటిని ఎత్తునకు చేర్చుటకు ఉపయోగపడుచున్నవనియు, ఆ నీరు రాజమందిరముల మీది గదులవరకు పోవుననియు వ్రాసెను. చార్మినారు వట్టి అలంకారము కాదని దీనివలన తెలియుచున్నది.

ఇస్ఫహాను నగరమున ‘నక్ష్-ఎ-జహాన్’ అను ప్రపంచ ప్రసిద్ధమైన చదుకము కలదు. దాని పొడవు సుమారు 560 మీటర్లు, వెడల్పు 160 మీటర్లు. దాని నిర్మాణము 1598లో ఆరంభమైనది. హైదరాబాదు చదుకము అంతకు కొన్నియేండ్లు పెద్దది. అయినను ఇస్ఫహానుది నేటికిని బయలుగనే యున్నది, మనది లేదు. కారణమేమి?

మొదటి కారణము యుద్ధము. 1685లో మొగలు సేనలు హైదరాబాదును దోచుకొనినవి. రెండేండ్లకు, ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట, 1687లో గోలకొండ కోట ఔరంగజేబునకు వశమయ్యెను. కడపటి కుతుబ్‌షాహీ రాజగు తానాషా దౌలతాబాదున బందీ యయ్యెను. పడమటి కమాను వెనుకనున్న ప్రాసాదములు నేలమట్టమైనవి. వాని ఆనవాళ్లయినను నేడు లేవు. ప్రాసాదమే లేనప్పుడు దాని ముంగిలితో ఎవ్వరికి పని? రాజుగారి ముంగిలి ఎవ్వరిదియు కాని స్థలమైనది. ఎవ్వరిదియు కాని స్థలము త్వరలోనే అందరిదియు నగును. అందరును తలకొక మూర ఆక్రమించుకొందురు.

రెండవ కారణమును ఆక్షేపించుటకు నాకు మనసొప్పదు. అది జీవనము. 1763లో నిజామలీఖాన్ రాజధానిని ఔరంగాబాదునుండి హైదరాబాదునకు మార్చిన పిదప నగరము మరల కళకళలాడెను. గాజులవారు లాడ్ బజారున, ముత్యాలవారు కమానుల చెంత స్థిరపడిరి. 1889లో చార్మినారు నాలుగు ముఖములకును గడియారములు అమర్చిరి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచివేసెను. దాని తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కాలమున, మచ్‌లీ కమానుకు ఉత్తరముగా పత్తర్‌గట్టి రాతి అంగళ్ల వరుస లేచినది. అది చూడముచ్చటైన కట్టడము. దుకాణములన్నియు చదుకమునకు శత్రువులే యని చెప్పరాదు. ప్రణాళిక ప్రకారము కట్టిన దుకాణము వీథికి అందము తెచ్చును. ఇష్టము వచ్చినట్లు ముందునకు జరిగిన దుకాణము వీథిని మ్రింగును.

ఆపై వచ్చినవి మోటారు వాహనములు. మా విద్యార్థులు చూచిన నాడు బస్సులు, ఆటోలు చార్మినారును చుట్టి పోవుచుండెడివి. వాని పొగకు తెల్లని సున్నపు పూత నల్లబడెను. 2019 మే 1న ఒక మినారునుండి సున్నపు పనితనపు పెచ్చు ఊడి క్రిందపడినది. ఇటీవలి సంవత్సరములలో చార్మినారు చుట్టును వాహనములను ఆపి, నేలపై రాతిపలకలు పరచి, దానిని పాదచారుల స్థలముగా మార్చిరి. ఇది మేలైన పని. కాని తలపై గంపతో గాజులు, పండ్లు అమ్ముకొను చిన్నవారు “మేమెక్కడికి పోవలెను?” అని అడుగుచునే యున్నారు. తాతల కాలమునుండి ఆ వీథిని నమ్ముకొనియున్నవారి ప్రశ్న యది. దానికి సరియైన సమాధానము ఇంకను దొరకవలసియున్నది.

ఇరుకు వలన కలుగు నష్టము పొగతోనే ఆగదు. 2025 మే 18 ఉదయమున గుల్జార్ హౌజ్ చెంతనున్న ఒక పాత భవనమున అగ్ని చెలరేగి 17 మంది మరణించిరి. వారిలో చిన్న బిడ్డలును గలరు. ఆ భవనములోనికి పోవు దారి మిక్కిలి సన్ననిది. ఒకనాడు సేనలు బారులు తీర్చిన బయలునకు అది కూతవేటు దూరము.

ఆ బాలుని ప్రశ్నకు ఇప్పుడు బదులు చెప్పెదను. చదుకము పోలేదు నాయనా, కట్టడముల క్రింద దాగియున్నది. నీవు ఎపుడైన హైదరాబాదు వెళ్లినచో తెల్లవారుజామున, కొట్ల తలుపులు తెరువక పూర్వము, గుల్జార్ హౌజ్ గట్టుచెంత నిలువుము. దక్షిణమునకు తిరిగిన ఒక కమానును, దాని నడుమ చార్మినారును కనబడును. ఉత్తరమునకు చేప పేరిటి కమాను. తూర్పున ఒకప్పుడు భేరీలు మ్రోగిన కమాను. పడమట, లేని ప్రాసాదమునకు ద్వారమైన కమాను. ఆ నాలుగింటిని మనసులో గీతలతో కలుపుము. ఆ గీతల లోపలనున్న మేడలను, అంగళ్లను ఒక్కొక్కటిగా తీసివేయుచు రమ్ము. తుదకు నీ చుట్టును ఎంత చోటు మిగులునో, అదియే నేను నాడు నీకు చూపలేకపోయిన స్థలము. ఆరు గంటలు దాటనీయకుము. ఆ పిమ్మట పాలబండ్లు, వాని వెనుక ఆటోలు వచ్చును.