వంశావళి గ్రంథమును వెదకుట

పాఠ్యభాగములు: ఎజ్రా 2:59–63, నెహెమ్యా 7:5, 61–65, మత్తయి 1:1–17



బైబిలు చదువునప్పుడు మనలో అనేకులము పేరులు మాత్రమే యున్న అధ్యాయములను దాటి పోవుచుందుము. దినవృత్తాంతముల మొదటి గ్రంథములో తొమ్మిది అధ్యాయములు దాదాపు పేరులే. అయినను వాటిని వ్రాసి దాచినవారు వ్యర్థమైన పని చేయలేదు. నెహెమ్యా యెరూషలేము ప్రాకారము కట్టించిన పిమ్మట, చెరనుండి మొదట తిరిగివచ్చినవారి వంశావళి గ్రంథమును వెదకి చదివెను. గోడ కట్టినంతమాత్రమున పట్టణము కాదు; లోపల నుండువారెవరో తెలియవలెను గదా.

మా సంఘములోని ఒక పెద్ద కుటుంబమువారు తమ వంశవృక్షము వ్రాయించవలెనని కోరగా, సంఘపెద్దలతో కలిసి మేము కొంతకాలము ఆ పని చేసితిమి. ఆ యింటి పిల్లలు హైదరాబాదులోను, బెంగుళూరులోను, సముద్రమవతలను చెదరియున్నారు. అన్నదమ్ముల మనుమలు ఒకరినొకరు ఎరుగరు. పాత సంగతులు చెప్పగల వృద్ధులు ముగ్గురే మిగిలియున్నారు. అట్టి కుటుంబములు ప్రతి గ్రామమున కలవు గనుక, ఆ పనిలో మేము నేర్చుకొనినది మీకును ఉపయోగపడునని వ్రాయుచున్నాము.

1. పుస్తకము ఏమి చెప్పునో, ఏమి చెప్పదో ఎరుగవలెను

సంఘములలో సాధారణముగా బాప్తిస్మపు రిజిష్టరు, వివాహపు రిజిష్టరు, సమాధుల రిజిష్టరు ఉండును. లూథరన్, ఆంగ్లికన్ మిషనుల వలన పుట్టిన సంఘములలో శిశువులకు బాప్తిస్మమిత్తురు గనుక బిడ్డ పేరుతోకూడ తల్లిదండ్రుల పేరులు దొరకును. బాప్టిస్టు సంఘములలో విశ్వాసము ఒప్పుకొనినవారికే బాప్తిస్మము గనుక, ఆ తేదీని పుట్టిన తేదీయని తలంచరాదు.

ఒంగోలు ప్రాంతపు కుటుంబములకు ఇది ముఖ్యము. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అంతకు ముందు మహా కరువు ఉండెను. తిండి కొరకు మతములో చేరిరను మాట రాకుండునట్లు క్లౌ దొరగారు కరువు కాలమున బాప్తిస్మములను నిలిపియుంచిరి. కాబట్టి మీ మూలపురుషుని పేరు ఆ సంవత్సరపు పుస్తకములో కనబడినయెడల, ఆయన అప్పుడు పుట్టినవాడని కాదు. కరువును దాటి బ్రదికి, నిలిచినవాడని అర్థము. ఆయనతో పుట్టి ఆ కరువులో పోయినవారి పేరులు ఏ పుస్తకములోను లేకపోవచ్చును. వృక్షములో ఆ చోటు ఖాళీగా విడువవలెను.

వివాహపు రిజిష్టరు మరి విలువైనది. 1872 సంవత్సరపు క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము వధూవరుల వయస్సు, వృత్తి, నివాసము, వారి తండ్రుల పేరులు వ్రాయవలెను. మరియొక పుస్తకములో "ఫలానివాని భార్య" అని మాత్రమే యున్న తల్లికి పుట్టినిల్లు ఏదో ఇందువలననే తెలియును.

2. సంవత్సరములను సరిచూడవలెను

మద్రాసు రాజధానిలో చేరియుండిన జిల్లాల భూమి లెక్కలలో ఫసలీ సంవత్సరములు కనబడును. ఫసలీకి 590 కలిపినచో అది ఆరంభమైన క్రీస్తుశకము వచ్చును. ఫసలీ 1300 అనగా 1890 జూలై నుండి 1891 జూన్ వరకు.

వృద్ధులు తెలుగు సంవత్సరముల పేరులు చెప్పుదురు. అవి అరువది యేండ్లకొకసారి తిరిగి వచ్చును. ధాత సంవత్సరము 1876లో వచ్చెను, 1936లోను వచ్చెను. "మా తాత ధాతలో పుట్టెను" అనినప్పుడు ఏ ధాతయో అడుగవలెను. తేదీ తెలియనివారిని, "1977 నవంబరు ఉప్పెనకు ముందా, వెనుకనా? అప్పటికి పెండ్లి అయినదా?" అని అడిగిన జ్ఞాపకము తెలివిపడును.

3. పేరులు మారుచుండును

తాత పేరు మనుమనికి పెట్టుట మన ఆచారము. అందుచేత ఒక్క యింటిలో ముగ్గురు యోహానులు ఉందురు. తండ్రి పేరును, ఊరిని చూడక ఇద్దరిని ఒక్కరినిగా చేయరాదు. ఇంగ్లీషు అక్షరములలో వ్రాసిన ఇంటిపేరులలో ట, త అను భేదము తెలియదు. బడి పుస్తకములో ఒక పేరు, సంఘ పుస్తకములో మరియొక పేరు ఉండుటయు కలదు.

ఇల్లరికము మరియొక చిక్కు. ఇది మనకు మాత్రమే కలిగినది కాదు. ఎజ్రా 2:61 చూడుడి. యాజకులలో ఒకడు గిలాదీయుడైన బర్జిల్లయి కుమార్తెలలో ఒకతెను పెండ్లాడి, ఆ మామగారి యింటిపేరుననే పిలువబడెను. తరువాత ఆయన సంతతివారు తమ వంశావళిని వెదకగా అది కనబడలేదు. అప్పుడు అధికారి ఏమి చేసెను? వారిని యాజకులని ఒప్పుకొనలేదు, అబద్ధికులని వెళ్లగొట్టనులేదు. ఊరీము తుమ్మీములు ధరించిన యాజకుడు లేచువరకు ఆ సంగతిని నిలిపియుంచెను. మనమును సాక్ష్యము దొరకనిచోట "తేలలేదు" అని వ్రాయుదము.

4. రెండు లెక్కలు కలియనప్పుడు

ఎజ్రా 2వ అధ్యాయమును, నెహెమ్యా 7వ అధ్యాయమును ప్రక్క ప్రక్కన పెట్టి చదువుడి. ఆరహు వంశస్థులు ఒకచోట 775 మంది, మరియొకచోట 652 మంది. జత్తూ వంశస్థులు ఒకచోట 945, మరియొకచోట 845. అయినను సమాజమంతటి మొత్తము రెండింటిలోను 42,360. ఒకదానిని చెరిపి మరియొకదానికి సమానము చేయవలెనని మన పితరులు తలంచలేదు; రెండును మనకు అందించిరి. మీ పెద్దమ్మ చెప్పిన మాటయు, రిజిష్టరులోని మాటయు కలియనప్పుడు రెండును వ్రాసి, ఏది ఎక్కడ దొరికెనో ప్రక్కన గుర్తు పెట్టుడి.

5. సిగ్గుపడి దాచరాదు

మేము ఆ కుటుంబముతో కూర్చున్నప్పుడు అన్నిటికంటె కష్టమైన మాట ఇదే. పాత పుస్తకములో వృత్తి అను గడిలో ఒక ముత్తాతకు "తోలుపని" అనియు, మరియొకరికి "పాలేరు" అనియు ఉన్నది. చదువుకొని మంచి ఉద్యోగములో నున్న ఒక మనుమడు, ఆ మాటలను తీసివేయుడనెను. వేరు కులమువానిని పెండ్లాడి వెళ్లిపోయిన ఒక ఆడబిడ్డ పేరు వ్రాయవద్దని మరికొందరు పట్టుపట్టిరి.

మేము వారితో మత్తయి మొదటి అధ్యాయము చదివితిమి. మత్తయి యెహోరామునకును ఉజ్జియాకును నడుమ అహజ్యా, యోవాషు, అమజ్యా అను ముగ్గురు రాజులను విడిచిపెట్టెను. అయితే తామారును, రాహాబును, రూతును, ఊరియా భార్యను విడువలేదు. రాజులకు చోటు లేకపోయినను మోయాబు విధవరాలికి చోటు దొరికెను.

అప్పుడు ఆ యింటి పెద్దావిడ, "మా మామ తోలు కుట్టిన చేతులతోనే బిడ్డలను బడికి పంపెను, ఆ మాట తీసిన మేము ఎట్లు చదివితిమో వీరికి తెలియదు" అనిరి. ఆ మాట నిలిచెను. వెళ్లిపోయిన బిడ్డ సంగతి అంత సులువుగా తీరలేదు. ఆమె తమ్ముడు ఫోనుచేసి ఆమెను అడిగిన పిమ్మటనే ఆమె పేరును, ఆమె పిల్లల పేరులును వ్రాయబడెను. జీవించియున్నవారి వివరములు వారి సెలవు లేక వ్రాయరాదని కూడ మేము నిర్ణయించితిమి.

6. ఇది గొప్పకొరకు కాదు

మితములేని వంశావళులను గూర్చి పౌలు తిమోతిని (1 తిమోతి 1:4), తీతును (తీతు 3:9) హెచ్చరించెను. మా వంశము గొప్పదని వాదించుటకు ఈ పని చేసినచో ఆ హెచ్చరిక మనకే. మనకంటె ముందు ఆకలి, అవమానము, మరణము దాటినవారికి ఋణపడియున్నామని తెలిసికొనుటకు చేసినచో అది కృతజ్ఞత.

కాబట్టి ఈ నెలలో ప్రతి కుటుంబము ఈ మూడు పనులు చేయవలెనని కోరుచున్నాము. మీ యింటిలో అందరికంటె పెద్దవారి యొద్ద కూర్చుండి వారు చెప్పినది వారి మాటలలోనే వ్రాయుడి. పెండ్లి పత్రికలు, పాత బైబిలు మొదటి పుటలు, భూమి కాగితములు ఒక్కచోట చేర్చుడి. చెదలు పట్టిన రిజిష్టరును మాటిమాటికి త్రిప్పక, పెద్దల యెదుట ఒకసారి ఫోటో తీసి ఉంచుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ తండ్రి తాతయొక్క తల్లి పేరు మీకు తెలియునా? ఎవరికి తెలియును?
2. మీ యింటి వంశావళిలో ఎవరి పేరు విడువబడినది? ఎందుచేత?
3. ఆ పేరు తిరిగి వ్రాయుటకు ముందు మీరు ఎవరితో మాటలాడవలసియున్నది?