బందరు వీధుల్లో ఒక పూట చరిత్ర

పరీక్షల కోసం తేదీలు వల్లెవేస్తాం గాని, ఆ తేదీలు నిలబడివున్న చోటికి వెళ్లి చూడం. బందరులో ఒక్క పూట నడిస్తే ఆ కొరత కొంత తీరుతుంది.

ముందు పేటల పేర్లు వినండి: వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట. వలందులంటే డచ్చివారు, పరాసులంటే ఫ్రెంచివారు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో మన అద్దకపు బట్టల బేరానికి ఇక్కడ దిగారు.

1. డచ్చి సమాధులు: 17వ శతాబ్దపు రాతిపలకల మీద వంశచిహ్నాలు, అక్షరాలు చెక్కివున్నాయి. వంగి, నిదానంగా చూడాలి.

2. బందరు కోట: సముద్రం వైపు వుంది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు దీన్ని ఫ్రెంచివారి నుంచి పట్టుకున్నాడు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన బెట్టుకుంది. ఆపైన సైన్యం ఇక్కణ్ణుంచి తరలిపోయింది. ఫిరంగులకు చేతులు మారిన కోట చివరికి నీటికి పాడుపడింది.

3. జాతీయ కళాశాల: వందేమాతరం ఉద్యమపు వేడిలో పుట్టి, 1910లో కోపల్లె హనుమంతరావుగారు మొదలైనవారి పూనికతో వెలసింది. పుస్తకాల చదువుతో పాటు చేతిపనులు, చిత్రలేఖనం నేర్పారు.

మొదటి రెండూ పరాయివారు తమ కోసం కట్టుకున్నవి, మూడోది మనవాళ్లు మన పిల్లల కోసం నిలబెట్టింది. ఈ తేడా పుస్తకంలో చదివితే ఒక వాక్యం. నడిచి చూస్తే గుర్తుండిపోతుంది. మిత్రులారా, వెళ్లండి. నోటుబుక్కు పట్టుకెళ్లండి. గోడల మీద మాత్రం మీ పేర్లు గీకకండి; రాలిన సున్నం మళ్లీ అతకదు.