పశువుకు వేసే సూదిమందు – రాబందుకు ప్రాణగండం

ఊరి బయట వేసిన పశు కళేబరాలను పూర్వం రాబందులు తిని శుభ్రపరిచేవి. 1990 దశకం నుండి మన దేశంలో మూడు జాతుల రాబందులు నూటికి 95కు పైగా నశించాయి. దానితో కళేబరాలు మిగిలి, ఊరకుక్కలు పెరిగి, పిచ్చికుక్క కాటు భయమూ హెచ్చింది.

కారణమేమి? నొప్పికి, జ్వరానికి పశువులకు వేసే డైక్లోఫెనాక్ అని శాస్త్రజ్ఞులు 2004లో తేల్చారు. సూది వేసిన ఒకటి రెండు రోజులలో పశువు చనిపోతే, ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చస్తుంది.

కొత్త ఆలోచన మందు మాన్పించడం కాదు, మార్చడం. మెలాక్సికామ్ పశువు బాధను తగ్గిస్తుంది. రాబందుకు హాని చేయదు. ప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లో, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించింది.

సభ్యులు పాటించవలసినవి:

1. పొదుగువాపు, జ్వరం కనిపిస్తే పశువైద్యునికే చూపించాలి. మెలాక్సికామ్ సంగతి అడగాలి.

2. మనుషుల సూదిమందు కొని పశువుకు వేయరాదు.

3. మందు వేసిన పశువు పాలను వైద్యుడు చెప్పిన గడువు తీరేవరకు సంఘానికి పోయరాదు.

4. మందు వాడిన పశువు చనిపోతే లోతుగా పూడ్చాలి.

తనిఖీకి వచ్చినప్పుడు మేము పాల లెక్కలతోపాటు సంఘం మందుల పెట్టెను కూడా చూస్తాము. ఆ పెట్టెలో నిషిద్ధ మందు ఉండకుండా కార్యదర్శులు ఇప్పుడే సరిచూసుకోవాలి.